ఒక్క మాట జవాబు చాలదు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో, ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థుల ముందు ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా బల్లల మీద సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

‘జనరల్ నాలెడ్జ్ గురించి ఒక గంట మాట్లాడండి మాస్టారూ, పిల్లలు పోటీ పరీక్షలకు చదువుతున్నారు’ అని గ్రంథాలయాధికారి గారు అడిగారు. ముప్పై ఏళ్లు బడుల్లో క్విజ్ పోటీలు నడిపినవాడిని, నా దగ్గర ప్రశ్నలకు కొదవ లేదు. అయినా ఇవాళ కొత్త ప్రశ్నలేవీ తేలేదు. మీ అందరికీ తెలిసినవే, మీ గైడ్లలో ఒక్క మాట జవాబుతో ఉండేవే నాలుగైదు తెచ్చాను. ఆ ఒక్క మాట వెనుక ఎంత ఉందో ఇవాళ మీతో కలిసి చూడాలని నా ఆశ.

ముందుగా నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక పాఠశాలల పోటీలో ఆఖరి విడత జరుగుతోంది. ‘తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఏ సంవత్సరంలో విడుదలైంది?’ అని అడిగాను. తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి ‘1932 అండీ’ అంది. నా చేతిలోని కాగితం మీద 1931 అని ఉంది. తప్పు అన్నాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. ‘ఫిబ్రవరి 6 అండీ’ అని మెల్లగా మరో మాట అంది. నేను వినిపించుకోకుండా తర్వాతి జట్టు వైపు తిరిగాను. ఆ అమ్మాయి జట్టు రెండు మార్కుల తేడాతో ఓడిపోయింది.

జవాబు ఆ అమ్మాయిదే సరైనది. ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాలపాటు అందరం నమ్మాం. పుస్తకాలు ఆ మాటే రాశాయి, ఒక పుస్తకాన్ని చూసి మరో పుస్తకం రాసింది, వాటిని చూసి నేను కాగితం తయారు చేసుకున్నాను. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికలను, ప్రకటనలను, సెన్సార్ వివరాలను వెదికి చూశారు. ఆ చిత్రానికి బొంబాయిలో సెన్సార్ ధ్రువపత్రం వచ్చిందే 1932 జనవరి 22న. బొంబాయిలోని కృష్ణా సినిమా హాలులో తెరమీదికి వచ్చింది 1932 ఫిబ్రవరి 6న. సెన్సార్ కాని సినిమా అంతకు నాలుగు నెలల ముందే ఎలా ఆడుతుంది? ఇంత చిన్న ప్రశ్న అన్నేళ్లపాటు మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ అమ్మాయి పేరు కూడా నేను రాసుకోలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో చూడకుండా ప్రశ్న వేయకూడదు. పిల్లవాడు నా కాగితానికి భిన్నంగా చెబితే, ‘నీకు ఎలా తెలుసు?’ అని అడగకుండా తప్పు అనకూడదు.

ఇంకో సంగతి గమనించండి. ఈ తేదీ మారితే పక్కనున్న జవాబు కూడా కదులుతుంది. దక్షిణాది భాషల తొలి టాకీగా చెప్పే ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న విడుదలైంది. ‘భక్త ప్రహ్లాద’ను సెప్టెంబర్‌లో పెడితే ‘కాళిదాస్’ దాని తర్వాతిది, ఫిబ్రవరిలో పెడితే ‘కాళిదాసే’ ముందు. రెండింటికీ దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. ‘కాళిదాస్’లో కథానాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే, నాయకుడు తెలుగులో బదులిస్తాడు. త్యాగరాజ కీర్తనలూ అందులో ఉన్నాయి. అంటే వెండితెర మీద తెలుగు మాట వినిపించడం ‘భక్త ప్రహ్లాద’ కంటే ముందే జరిగింది. కాబట్టి ప్రశ్నలో ‘పూర్తి’ అన్న మాట ఉందా లేదా అన్నది చాలా ముఖ్యం. ఆ మాట మరిచిపోయి ప్రశ్న రాసినవాడు, సరిగ్గా చెప్పిన పిల్లవాడికి అన్యాయం చేస్తాడు. అన్నట్టు మన దేశపు తొలి టాకీ ‘ఆలం ఆరా’, ‘కాళిదాస్’, ‘భక్త ప్రహ్లాద’ మూడింటిలోనూ చిన్న వేషాలు వేసిన ఒక కుర్రవాడు ఉన్నాడు. తర్వాత కాలంలో దర్శకుడిగా, నిర్మాతగా పేరు పొందిన ఎల్.వి. ప్రసాద్ ఆయనే.

‘మొదటి’ అన్న మాటతో మొదలయ్యే ప్రశ్నలన్నింటికీ ఈ చిక్కు ఉంది. తొలి తెలుగు కథ ఏది? మీలో చాలామంది పెదాలు కదిలాయి, ‘దిద్దుబాటు’ అని. గురజాడ అప్పారావు గారి కథ, 1910లో ‘ఆంధ్ర భారతి’లో వచ్చింది. అయితే 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ అన్న కథ వచ్చింది. రాసింది భండారు అచ్చమాంబ. ఆమె 1874లో పుట్టి 1905లో, ముప్పై ఏళ్లకే కన్నుమూశారు. అంటే ‘దిద్దుబాటు’ అచ్చయ్యే నాటికి ఆమె పోయి ఐదేళ్లు. ఆధునిక కథా లక్షణాలు, వాడుక భాష ఉన్న తొలి కథ ఏది అని అడిగితే ‘దిద్దుబాటు’ అనే విమర్శకుల వాదనకు బలం ఉంది. ఊరికే ‘తొలి కథ’ అని అడిగి, అచ్చమాంబ పేరు చెప్పిన విద్యార్థికి సున్నా వేస్తే మాత్రం ఆ సున్నా మన చదువుకు వేసుకోవలసినది.

అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. తన ఇంట్లో ఉండి చదువుకుంటున్న తమ్ముడి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. ఆ తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన గురించి కాసేపట్లో మళ్లీ వస్తాను. ఎందుకంటే మీ చేతుల్లోని ఈ గైడ్లన్నింటికీ మూలపురుషుడు ఎవరైనా ఉన్నారంటే ఆయనే.

ఇప్పుడు అన్నింటికంటే తేలికైన ప్రశ్న. ‘దేశభాషలందు తెలుగు లెస్స’ అన్నది ఎవరు?

(సభలో: శ్రీకృష్ణదేవరాయలు!)

అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. మార్కు వేస్తాను. ఇప్పుడు ఆ పద్యం దగ్గరికి వెళ్దాం. రాయలు కళింగ దండయాత్రకు వెళుతూ విజయవాడలో కొన్నాళ్లు విడిది చేశారు. అక్కడి నుంచి కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళానికి వెళ్లి, ఆంధ్ర మహావిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్నారు. ఆ రాత్రి నాలుగో జాములో కల వచ్చింది. కలలో ఆ దేవుడే కనిపించి, సంస్కృతంలో ఇన్ని కావ్యాలు రాశావు, నాకు తెలుగులో ఒక కావ్యం చెప్పు అన్నాడు. తెలుగే ఎందుకు? ఆ ప్రశ్నకు దేవుడు చెప్పిన సమాధానమే ఈ పద్యం:

తెలుగదేల యన్న దేశంబు తెలుగేను
తెలుగు వల్లభుండ తెలుగొకండ
యెల్ల నృపులు గొలువ నెఱుగవే బాసాడి
దేశభాషలందు తెలుగు లెస్స

‘ఆముక్తమాల్యద’ రాసింది రాయలే. కానీ కావ్యంలో ఆ మాట పలికేది ఆంధ్ర విష్ణువు. మూడో పాదం చూడండి, నాకు ఎంతో ఇష్టమైన పాదం. నీ కొలువుకు ఇన్ని దేశాల రాజులు వస్తారు, వారందరితో మాట్లాడావు, నీకు తెలియదా అంటున్నాడు దేవుడు. వట్టి అభిమానంతో అన్న మాట అయితే నాలుగో పాదం ఒక్కటే చాలు. పది భాషలు విన్నవాడిని సాక్షిగా నిలబెట్టి అన్నాడు కాబట్టి దానికి ఆ బరువు వచ్చింది. మనం గోడల మీద, బ్యానర్ల మీద నాలుగో పాదమే రాస్తాం. మూడో పాదం రాసిన గోడ నేను ఇంతవరకు చూడలేదు.

ఇంకా వెనక్కి వెళ్దాం. రాయల కంటే ముందు తరాల నాటి ‘క్రీడాభిరామము’ అనే పుస్తకం ఉంది. వినుకొండ వల్లభరాయుడు రాశాడంటారు, కాదు శ్రీనాథుడే రాశాడని వాదించిన పండితులూ ఉన్నారు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలు అందులోని కథ. అందులో ఒక పద్యం:

జనని సంస్కృతంబు సకల భాషలకును
దేశభాషలందు తెలుగు లెస్స

అదే పాదం. ఒక్క అక్షరం తేడా లేదు. రాయల కాలానికే ఈ మాట జనం నోట్లో నానిన నానుడి అయి ఉండాలని నాకు అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పండి, ‘అన్నది ఎవరు?’ అన్న ప్రశ్నకు ఎన్ని జవాబులు ఉన్నాయి? రాసిన కవి ఒకరు, కావ్యంలో పలికినవాడు మరొకరు, అంతకు ముందే పద్యంలో పెట్టినవాడు ఇంకొకరు. ప్రశ్నను ‘ఆముక్తమాల్యదలో ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు?’ అని అడిగి చూడండి, క్విజ్ ఒక్కసారిగా సాహిత్యం అవుతుంది. మరో మాట. ఆ శ్రీకాకుళం ఉత్తరాంధ్ర జిల్లా కేంద్రం అనుకునేవారు చాలామంది. ఇది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలోని చిన్న ఊరు. గుడి ఇప్పటికీ ఉంది. బందరు వైపు వెళ్లినప్పుడు ఒకసారి ఆగి చూడండి.

బందరు అన్నాను కాబట్టి నాకు ప్రాణమైన ప్రశ్నకు వస్తాను. ఇది విజ్ఞానశాస్త్రం. హీలియంను ఎక్కడ కనిపెట్టారు? గైడ్లలో జవాబు: సూర్యుడిలో. భూమి మీద కంటే ముందు సూర్యుడిలో కనబడిన మూలకం. మంచి జవాబే. కానీ సూర్యుడిని ఎక్కడి నుంచి చూశారు?

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ ఏడెన్ దగ్గరి నుంచి మన దేశం మీదుగా సియాం (ఇప్పటి థాయిలాండ్), బోర్నియో దాకా సాగింది. ఆ నీడ దారిలో గుంటూరు ఉంది, మచిలీపట్నం ఉంది, వనపర్తి ఉంది. ఐరోపా నుంచి దుర్భిణులు ఓడల మీద బయలుదేరి వచ్చాయి. ఫ్రాన్స్ నుంచి పియరీ జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగాడు. బ్రిటిష్ అధికారి టెన్నంట్ బృందం కూడా గుంటూరులోనే. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరులో. ఆ వేధశాలలోనే పనిచేసిన మన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో. అప్పటికి ఇంకా నైజాం నేల, ఈస్టిండియా కంపెనీ పాలన పోయి పదేళ్లు అయిన నేల, అంతా కలిపి ఒకే ఉదయం ఒకే నీడ కిందికి వచ్చింది.

వాళ్లు ఏం చూశారు? దీన్ని వంటింట్లో చెబితే బాగా అర్థమవుతుంది. ఉప్పు వేసిన పులుసు పొంగి పొయ్యి మీద పడితే నీలి మంట ఒక్కసారి పసుపు రంగుకు తిరుగుతుంది, చూశారా? ఆ పసుపు ఉప్పులోని సోడియంది. ప్రతి మూలకానికీ వేడెక్కితే తనదైన రంగు ఉంటుంది. ఆ వెలుగును పట్టకం గుండా పంపితే, ఆ రంగు సన్నని గీతగా ఒక కచ్చితమైన చోట పడుతుంది. సోడియానికి పసుపులో పక్కపక్కనే రెండు గీతలు. వాటికి డి గీతలని పేరు. సాధారణంగా సూర్యుడి వెలుగులో అంచున ఉన్న మంటలు మనకు కనబడవు. చంద్రుడు మధ్య భాగాన్ని కప్పేసిన ఆ కొన్ని నిమిషాల్లో అంచున ఎర్రని జ్వాలలు కనిపించాయి. వాటి వెలుగును పట్టకం గుండా చూస్తే మెరిసే గీతలు వచ్చాయి. అంటే అవి మండే వాయువులే అని తేలింది. ఆ గీతల్లో ఒకటి పసుపు రంగుది. బందరులో పాగ్సన్ దాన్ని సోడియం గీత చోటనో దాని పక్కనో ఉన్నట్టు గుర్తించాడు. అది కచ్చితంగా సోడియం మీద పడలేదన్న అనుమానం, పక్కకు జరిగిందన్న ఆ వెంట్రుకవాసి తేడా, అదే హీలియం.

జాన్సెన్ గొప్పతనం మరోచోట ఉంది. గ్రహణం ముగుస్తుండగా, ఈ గీతలు ఇంత ప్రకాశంగా ఉన్నాయి కదా, గ్రహణం లేకుండానే వీటిని చూడగలనని ఆయనకు తట్టింది. మర్నాడు, ఆగస్టు 19న, గుంటూరులో మామూలు ఎండలో పరికరాన్ని సూర్యుడి అంచుకు గురిపెట్టాడు. గీతలు కనబడ్డాయి! అంతవరకు ఆ జ్వాలలను చూడాలంటే ఏళ్ల తరబడి గ్రహణం కోసం కాచుకోవాలి, సముద్రాలు దాటాలి, తీరా వెళ్లాక మబ్బు పట్టకుండా ఉండాలి. ఆ రోజు నుంచి ఎండ కాసిన ప్రతి రోజూ చూడవచ్చు. ఆయన పదిహేడు రోజులపాటు అక్కడే ఉండి చూశాడు. కాకినాడ నుంచి పారిస్‌లోని విజ్ఞానశాస్త్ర అకాడమీకి ఉత్తరం రాశాడు. ఈలోగా ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తనంతట తాను అదే పద్ధతి కనుక్కుని అక్టోబర్ 20న అవే గీతలు చూశాడు. ఇద్దరి సమాచారమూ 1868 అక్టోబర్ 26న, ఒకే రోజున, ఆ అకాడమీ ముందుకు వచ్చింది. ఒకరు ముందు, ఒకరు వెనుక అని తగవు పెట్టకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ పక్కపక్కన ఉండేలా ఒక పతకం వేయించింది. నాకు ఆ పతకం అంటే చాలా గౌరవం.

పసుపు గీత కొత్త మూలకానిదని నిలబడి వాదించింది లాకియర్. గ్రీకులో సూర్యుడిని హీలియోస్ అంటారు, దానికి లోహాల పేర్ల చివర ఉండే ‘ఇయం’ తగిలించారు. అది లోహం కాదు, వాయువు అని తేలడానికి 1895 దాకా ఆగాలి. ఆ ఏడు విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే పసుపు గీత చూశాడు. అప్పటిదాకా, ఇరవై ఏడేళ్లు, అది సూర్యుడిలో తప్ప ఎక్కడా లేని పదార్థం.

మరి పాగ్సన్? ఆయన నివేదిక మద్రాసు ప్రభుత్వం తరఫున అచ్చయింది, ఐరోపాలో పెద్దగా ఎవరి చేతికీ అందలేదు. గైడ్లలో ఆయన పేరు ఉండదు. నక్షత్రాల ప్రకాశాన్ని కొలిచే పద్ధతిని లెక్కలో పెట్టినవాడు కూడా ఆయనే. ఒకటో తరగతి నక్షత్రం ఆరో తరగతి నక్షత్రం కంటే సరిగ్గా వంద రెట్లు ప్రకాశవంతం అన్న లెక్క 1856లో ఆయన ప్రతిపాదించిందే, నేటికీ అదే వాడుతున్నారు.

జాన్సెన్ గురించి ఒక్క సంఘటన చెప్పి ముందుకు పోతాను, చెప్పకుండా ఉండలేను. 1870 డిసెంబర్‌లో ఉత్తర ఆఫ్రికాలో మరో గ్రహణం. అప్పుడు పారిస్‌ను ప్రష్యా సైన్యం చుట్టుముట్టి ఉంది. ఆయన పరికరాలు సర్దుకుని బెలూన్‌లో ఎక్కి, శత్రుసైన్యం తలల మీదుగా ఎగిరి బయటపడ్డాడు. ఆల్జీరియా చేరాడు. గ్రహణం రోజున మబ్బు పట్టింది.

మళ్లీ 1868కి రండి. నీడ తూర్పుకు సాగి సియాం చేరింది. ఆ దేశపు రాజు మాంగ్‌కుట్‌కు ఖగోళశాస్త్రం అంటే పిచ్చి. గ్రహణం ఎక్కడ, ఎప్పుడు పడుతుందో తానే లెక్కకట్టాడు. వాకో అనే తీరప్రాంతంలో విడిది వేయించి విదేశీ అతిథులను పిలిచి చూపించాడు. లెక్క సరిపోయింది. కానీ ఆ చిత్తడి నేలలో ఆయనకు మలేరియా సోకింది. అక్టోబర్ 1న మరణించాడు. 1956లో వచ్చిన ‘ది కింగ్ అండ్ ఐ’ అనే హాలీవుడ్ సినిమాలో రాజు ఈయనే. ఆ వేషానికి యూల్ బ్రిన్నర్‌కు ఆస్కార్ వచ్చింది. సినిమా ప్రశ్నగా మీకు ‘యూల్ బ్రిన్నర్’ అన్న జవాబు తెలిసి ఉండవచ్చు. తెరమీది ఆ రాజు నిజ జీవితంలో గ్రహణం లెక్కలు కట్టినవాడని తెలిశాక, నాకు ఆ సినిమాలోని రాజు చాలా చిన్నవాడిగా కనిపించాడు.

మాంగ్‌కుట్ పోయేనాటికి మలేరియా ఎలా వస్తుందో లోకంలో ఎవరికీ తెలియదు. ఆ పేరుకు ఇటాలియన్‌లో అర్థమే చెడుగాలి. తెలిసింది ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత, మళ్లీ మన గడ్డ మీదే. 1897 ఆగస్టు 20, సికింద్రాబాదు. రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి దోమలను వదిలాడు. కుట్టిన ఒక్కో దోమకు అణా చొప్పున ఎనిమిది అణాలు ఇచ్చాడు. ఆ దోమలను కొన్ని రోజులు బతకనిచ్చి, ఒక్కొక్కటిగా కోసి, పొట్ట గోడను సూక్ష్మదర్శిని కింద అంగుళం అంగుళం కాదు, కణం కణం వెదికాడు. ఆగస్టు ఎండల ఉక్కలో, పంకా విసిరితే దోమలు చెదిరిపోతాయని పంకా లేకుండా చేశాడని చదివాను. చివరికి ఒక అనాఫిలిస్ దోమ పొట్టగోడలో నల్లని చుక్కలున్న గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుతోందన్న మొదటి సాక్ష్యం అది. అందుకే ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. పరాన్నజీవి దోమకాటుతో మళ్లీ ఇంకో ప్రాణిలోకి చేరుతుందని ఆయన నిరూపించింది మరుసటి ఏడు కలకత్తాలో, పక్షుల మలేరియా మీద. 1902లో నోబెల్ వచ్చింది. ‘రాస్ – సికింద్రాబాదు – 1902’ అని మీరు కంఠస్థం చేస్తారు, చేయండి. హుసేన్ ఖాన్ పేరు కూడా ఆ వరుసలో చేర్చండి. ఆయన చేయి చాపకపోతే ఆ దోమల పొట్టలో ఏమీ ఉండేది కాదు.

వజ్రాల ప్రశ్న త్వరగా చెబుతాను. గోల్కొండ వజ్రాలు ఎక్కడ దొరికేవి? గోల్కొండలో అన్నారంటే మార్కు పోయినట్టే. గోల్కొండ సంత, ఖజానా, కోట. గనులు కృష్ణా తీరంలో. వాటిలో పెద్దది కొల్లూరు, ఇప్పటి పల్నాడు జిల్లాలో. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియె గోల్కొండ నుంచి అక్కడికి ఏడు రోజుల ప్రయాణం అని, దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. 1720ల్లో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రాలంటే ప్రధానంగా మన దేశమే. టావెర్నియె కొనుక్కుపోయి ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలి వజ్రం ఫ్రెంచి విప్లవంలో దొంగల పాలై, మళ్లీ చెక్కుకుని, హోప్ వజ్రంగా బయటపడింది. 45.52 క్యారట్లు. ఇది కొల్లూరు గనిదే అయి ఉంటుందని అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియం వారు చెబుతారు. ‘అయి ఉంటుంది’ అన్న ఆ మాటను కూడా జవాబులో భాగంగానే నేర్చుకోండి. 1958లో దాన్ని ఆ మ్యూజియంకు ఇచ్చిన నగల వ్యాపారి హ్యారీ విన్‌స్టన్ సాయుధ బండిలో పంపలేదు. గోధుమరంగు కాగితంలో చుట్టి, రిజిస్టర్డ్ పోస్టులో పంపాడు. బీమాతో కలిపి ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. అందులో తపాలా ఖర్చు రెండున్నర డాలర్లు కూడా లేదు, మిగిలినదంతా బీమాయే. వజ్రం పుట్టిన కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ల కింద ఉంది. చుట్టిన ఆ కాగితం మాత్రం అమెరికాలో తపాలా మ్యూజియంలో భద్రంగా ఉంది.

ఇక కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవారిలో ఒకరు. అంటే ఇవాళ మనం చేసుకుంటున్న ఈ వారోత్సవాలకు కూడా ఆయన బంధువే. తెలుగువాడికి తెలుగులోనే సమస్తమూ తెలియాలని ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం’ మొదలుపెట్టారు. అక్షరక్రమంలో రాస్తూ పోయారు. ఏ అంశం తీసుకున్నా మూలం దాకా వెళ్లి, శాసనం చూసి, గ్రంథం చూసి రాయడం ఆయన పద్ధతి. మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ ‘అ’ అక్షరంలోనే. 1923లో ఆయన కన్నుమూశారు. తొందరపడి ఉంటే పదేళ్లలో ‘హ’ దాకా వెళ్లేవారేమో. ఆయన తొందరపడలేదు.

సమయం అయిందని గ్రంథాలయాధికారి గారు గడియారం చూపిస్తున్నారు. ఒకటి రెండు ప్రశ్నలు ఉంటే అడగండి. చెప్పమ్మా, లేచి గట్టిగా అడుగు.

(ఒక ఇంటర్ విద్యార్థిని: మాస్టారూ, ఇవన్నీ వినడానికి బాగున్నాయి. కానీ పరీక్షలో నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి గుర్తుపెట్టమంటారు. హీలియం ఎవరు కనిపెట్టారంటే నేను ఏది పెట్టాలి? భక్త ప్రహ్లాదకు పాత కీ ప్రకారం 1931 అని ఉంటే?)

చాలా న్యాయమైన ప్రశ్న. హీలియంకు జాన్సెన్, లాకియర్ ఇద్దరి పేర్లూ ఉన్న జవాబు ఉంటే అది పెట్టు. ఒక్కరే ఉంటే, మూలకం అని వాదించి పేరు పెట్టినవారెవరు అన్నట్టు ప్రశ్న ఉందా, ముందు గ్రహణంలో చూసిందెవరు అన్నట్టు ఉందా, అని ఒకసారి చదువుకుని పెట్టు. భూమి మీద వేరు చేసింది ఎవరు అంటే రామ్సే. ప్రహ్లాదకు 1932 అనే పెట్టు. కీలో 1931 ఇస్తే అభ్యంతరం తెలపడానికి గడువు ఇస్తారు కదా, సెన్సార్ తేదీ 1932 జనవరి 22 అని రాసి పంపు. ఎలా రాయాలో తెలియకపోతే నా దగ్గరికి రా అమ్మా, ఇద్దరం కూర్చుని రాద్దాం. నీ పేరు ఏమిటో చెప్పు, ఈసారి రాసుకుంటాను.